సైకిల్ దారి, కారు జాగా: రోడ్డు పంపకంలో మన వాటా ఎంత?

రోడ్డు పక్కన కార్లు ఆపుకునే జాగా తీసేసి, అక్కడ సైకిళ్లకు ప్రత్యేక దారి వేయాలా, వద్దా? అమెరికా నగరాల్లో ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి పంచాయితీలు నడుస్తున్నాయి. ఒకవైపు సైకిల్ సంఘాలు, పర్యావరణవాదులు ఉంటారు. మరోవైపు దుకాణదారులు, కార్లున్న కాలనీవాసులు, కొన్నిచోట్ల చర్చి పెద్దలు ఉంటారు. మన దేశంలో కూడా ఢిల్లీ, బెంగళూరు, పుణె, హైదరాబాద్ వంటి చోట్ల ఇదే గొడవ వేర్వేరు రూపాల్లో వచ్చింది. పైకి చూస్తే ఇది కడుపు నిండినవాళ్ల తగాదాలా కనిపిస్తుంది. దళిత ఉద్యమానికి ఇందులో పనేముంది అనిపిస్తుంది.

కానీ రోడ్డు మనకు ఎన్నడూ కేవలం రవాణా వ్యవహారం కాదు. 1893లో కేరళలో అయ్యంకాళి ఎడ్లబండి కట్టుకుని, తన కులం వాళ్లను రానివ్వని రోడ్డు మీద ప్రయాణించాడు. 1924లో మొదలైన వైకోం సత్యాగ్రహం గుడి ప్రవేశం కోసం కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం. 1925లో అది ముగిసేనాటికి మూడు వైపుల రోడ్లే తెరిచారు, తూర్పు వైపు రోడ్డు అప్పటికీ తెరవలేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ చూడండి. సెక్షన్ 3(1)లోని జెడ్ఏ క్లాజు ప్రకారం దళితులు, ఆదివాసీలు బహిరంగ ప్రదేశంలో సైకిల్ గానీ మోటారు సైకిల్ గానీ తొక్కకుండా, నడపకుండా అడ్డుకోవడం నేరం. పెళ్లి ఊరేగింపులో గుర్రం ఎక్కనివ్వకపోవడం, చెప్పులు వేసుకోనివ్వకపోవడం కూడా అదే క్లాజులో ఉన్నాయి. ఒక దేశపు నేర చట్టం సైకిల్‌ను పేరు పెట్టి రాయాల్సి వచ్చిందంటే, ఆ సైకిల్ ఎక్కినందుకు ఎంతమందిని దించి ఉంటారో ఊహించుకోవచ్చు.

కాబట్టి సైకిల్ దారా, కారు పార్కింగా అనే చర్చను మనం పక్కన పెట్టలేం. అలాగని ఇందులో ఏదో ఒక పక్షం చేరిపోతే సరిపోదు. రోడ్డును ఎవరికి పంచాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, ఆ నిర్ణయంలో ఎవరి వాడకం లెక్కలోకి వస్తోంది, ఎవరిది రావడం లేదు అన్నది ముందు తేల్చుకోవాలి. అమెరికాలో నల్లజాతి ప్రజల అనుభవం ఈ విషయంలో మనకు చాలా నేర్పుతుంది.

ఒక కారు ఎంత నేల ఆక్రమిస్తుంది?

మొదట కొలతలు చూద్దాం. రోడ్డు అంచున వరసగా కార్లు ఆపితే ఆ వరస రెండు నుంచి రెండున్నర మీటర్ల వెడల్పు తీసుకుంటుంది. ఒకవైపు వెళ్లే సైకిల్ దారికి కావాల్సింది కూడా సుమారు రెండు మీటర్లే. అంటే ఆగి ఉన్న కార్ల వరసకు పట్టే జాగా, సైకిల్ దారికి పట్టే జాగా దాదాపు ఒకటే. అందుకే రెండింటి మధ్య ఇంత పోటీ. రోడ్డు వెడల్పు పెరగదు, ఒకరికి ఇవ్వాలంటే ఇంకొకరి దగ్గర తీసుకోవాల్సిందే.

మన దేశంలో పట్టణ ప్రణాళికలు రాసేవాళ్లు ఆరుబయట ఒక కారు ఆపడానికి, తిప్పుకోవడానికి కలిపి 23 చదరపు మీటర్లు లెక్క వేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో మొదలైన పేదలందరికీ ఇళ్లు పథకంలో పట్టణ పేద కుటుంబానికి ఇచ్చింది ఒక సెంటు, అంటే సుమారు 40 చదరపు మీటర్లు. రెండు కార్లు ఆపే జాగా 46 చదరపు మీటర్లు. ఒక కుటుంబం బతుకంతా సర్దుకోవాల్సిన స్థలం రెండు కార్లు నిలబడే స్థలం కన్నా తక్కువ. పైగా కారుకు ఒక్క చోటు చాలదు. ఇంటి దగ్గర ఒకటి, ఆఫీసు దగ్గర ఒకటి, బజారులో ఒకటి కావాలి. అమెరికా పరిశోధకుడు డొనాల్డ్ షూప్ 2005లో ఉచిత పార్కింగ్ అసలు ఖరీదు మీద పెద్ద పుస్తకం రాశాడు. కారు తన జీవితంలో 95 శాతం కాలం ఆగే ఉంటుందని, ఆ ఆగిన కారు భారాన్ని కారు లేనివాళ్లు కూడా అద్దెల్లో, సరుకుల ధరల్లో, పన్నుల్లో మోస్తారని అతని వాదన.

మన దగ్గర కారు ఉన్నవాళ్లు ఎంతమంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కారున్న కుటుంబాలు ఎనిమిది శాతం లోపే. కేంద్ర ప్రభుత్వం 2006లో తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా రోడ్డును వాహనాలకు కాదు, మనుషులకు పంచాలని చెప్పింది. పార్కింగ్ రుసుము ఆ నేల విలువకు తగ్గట్టు ఉండాలనీ చెప్పింది. కాగితం మీద ఉన్న ఈ మాట వీధిలోకి రాలేదు. ఫుట్‌పాత్ మీద నాలుగు అడుగుల్లో అరటిపండ్లు అమ్ముకునే ఆమెది ఆక్రమణ అవుతుంది. ఆ పక్కనే పగలంతా ఆగి ఉండే కారు మాత్రం ఎవరికీ ఆక్రమణగా కనిపించదు.

ఈ లెక్కల ప్రకారం సైకిల్ దారి వైపే న్యాయం ఉందని తేల్చేయవచ్చు. అయితే అమెరికాలోని రెండు నగరాల్లో నల్లజాతి ప్రజలు ఇదే సైకిల్ దారిని ఎందుకు ఎదిరించారు?

పోర్ట్‌లాండ్: అప్పుడు అడిగితే ఎందుకు రాలేదు?

ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ అమెరికాలో సైకిళ్ల నగరంగా పేరు పొందింది. ఆ నగరంలో ఆల్బైనా అనే ప్రాంతం ఉంది. 1919లో అక్కడి రియల్ ఎస్టేట్ వ్యాపారుల సంఘం తెల్లవాళ్లుండే వాడల్లో నల్లవారికి, ఆసియావారికి ఇళ్లు అమ్మకూడదని నియమం పెట్టుకుంది. 1948లో వాన్‌పోర్ట్ అనే కార్మిక పట్టణం వరదలో కొట్టుకుపోయాక, నిరాశ్రయులైన నల్లజాతి కుటుంబాల్లో చాలామందికి దొరికిన చోటు ఆల్బైనాయే. మన భాషలో చెప్పాలంటే అది నగరం నడుమ కట్టిన వెలివాడ. అయినా విలియమ్స్ అవెన్యూ అనే వీధి చుట్టూ వాళ్లు దుకాణాలు, చర్చిలు, జాజ్ సంగీత క్లబ్బులు నిలబెట్టుకున్నారు.

తర్వాత అభివృద్ధి వచ్చింది. 1960లో తెరిచిన క్రీడా ప్రాంగణం కోసం వందల ఇళ్లు కూల్చారు. ఆ దశాబ్దంలోనే ఐ-5 హైవే వాడ మధ్యనుంచి పోయింది. 1970ల మొదట్లో ఇమాన్యుయేల్ ఆసుపత్రి విస్తరణ పేరుతో మూడు వందల దాకా ఇళ్లు, దుకాణాలు పడగొట్టారు. కేంద్ర నిధులు ఆగిపోవడంతో ఆ నేల దశాబ్దాల పాటు ఖాళీగానే పడి ఉంది. 1990ల తర్వాత ఆ వాడ మీద డబ్బున్న తెల్లవారి కన్ను పడింది. అద్దెలు పెరిగాయి. 2000, 2010 జనాభా లెక్కల మధ్య ఆ చుట్టుపక్కల నుంచి దాదాపు పది వేల మంది, ఎక్కువగా నల్లజాతివారు, వెళ్లిపోవాల్సి వచ్చింది.

2011లో నగర పాలక సంస్థ విలియమ్స్ అవెన్యూ మీద సైకిల్ దారిని వెడల్పు చేయాలని ప్రతిపాదించింది. రోజూ వేల మంది సైకిళ్ల మీద వెళ్లే వీధి అది, ప్రమాదాలూ ఉన్నాయి. ఇంజినీర్ల దృష్టిలో అది మామూలు భద్రతా పని. సలహా కమిటీ వేశారు, అందులో ఎక్కువమంది తెల్లవారే. అప్పుడు అక్కడి నల్లజాతి నివాసులు లేచి అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. ఈ వీధి ప్రమాదకరంగా ఉందని మేం ఏళ్ల తరబడి చెప్పాం, అప్పుడు ఎవరూ రాలేదు. ఇప్పుడు కొత్తవాళ్లు వచ్చి సైకిళ్లు తొక్కుతుంటే భద్రత గుర్తొచ్చిందా?

వాళ్ల కోపం సైకిల్ మీద కాదు. వాళ్ల దృష్టిలో ఆ తెల్లగీత వాడ చేతులు మారిందని చెప్పే గుర్తు. నగరం కొంతకాలం ప్రణాళికను ఆపింది. కమిటీని పెంచి నల్లజాతి సభ్యులను చేర్చింది. వీధి కొలతలు పక్కన పెట్టి జాతి వివక్ష గురించి, ఆ వాడ చరిత్ర గురించి సమావేశాలు నడిపింది. చివరికి 2014లో వెడల్పాటి సైకిల్ దారి వచ్చింది, పాదచారులు రోడ్డు దాటడానికి మెరుగైన ఏర్పాట్లూ వచ్చాయి. ఆ వీధి నల్లజాతి చరిత్రను చెప్పే కళాఫలకాలు కూడా తర్వాత నిలబెట్టారు. చరిత్రకు చోటు దొరికింది గానీ, వెళ్లిపోయిన కుటుంబాలు మాత్రం తిరిగి రాలేదు.

వాషింగ్టన్: ఆదివారం పార్కింగ్ వెనక ఉన్న కథ

రెండో ఉదాహరణ నేరుగా పార్కింగ్ గురించే. 2015లో రాజధాని వాషింగ్టన్‌లో షా అనే ప్రాంతం మీదుగా రక్షిత సైకిల్ దారి వేయడానికి నగర రవాణా శాఖ కొన్ని వీధులను పరిశీలించింది. అందులో ఆరో వీధి ఒకటి. ఆ వీధిలో యునైటెడ్ హౌస్ ఆఫ్ ప్రేయర్ అనే పాత నల్లజాతి చర్చి ఉంది. పార్కింగ్, రోడ్డు వరసలు తగ్గితే తమ మత స్వేచ్ఛకు భంగమని ఆ చర్చి తరఫు లాయర్లు నగరానికి లేఖ రాశారు. సామాజిక మాధ్యమాల్లో ఎగతాళి మొదలైంది. కారు ఆపుకోవడం కూడా మతమేనా అని నవ్వారు.

నవ్వినవాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది. నడిచి వెళ్లే దూరంలో ఉండాల్సిన చర్చికి భక్తులు కార్లలో ఎందుకు వస్తున్నారు? 1970లో వాషింగ్టన్ జనాభాలో నల్లజాతివారు 71 శాతం. 2011 నాటికి సగం కన్నా తగ్గారు. అద్దెలు, పన్నులు భరించలేక, కొందరు మెరుగైన ఇల్లు వెతుక్కుంటూ, పొరుగున ఉన్న మేరీల్యాండ్ శివారులకు వెళ్లిపోయారు. చర్చి మాత్రం పాత వాడలోనే ఉంది. వారానికి ఒక రోజు వాళ్లు తమ వాడకు తిరిగి వచ్చే దారి కారు. ఆ రోజు దొరికే పార్కింగే పాత వాడతో వాళ్లకు మిగిలిన బంధం.

అయితే రెండో వైపు కూడా చూడాలి. ఆ వీధుల్లో సైకిల్ మీద పనికి వెళ్లే పేద నల్లజాతి, లాటినో కార్మికులూ ఉన్నారు. వాళ్లకు ప్రతినిధులుగా మాట్లాడే లాయర్లు లేరు. చర్చి పెద్దల మాట వాళ్లందరి మాట అయిపోయింది. సైకిల్ సంఘాల మాట మిగతా సైక్లిస్టుల మాట అయిపోయింది. చివరికి కొన్నేళ్ల తర్వాత దారి తొమ్మిదో వీధిలో వచ్చింది. ఒక సమూహానికి చారిత్రక అన్యాయం జరిగినంత మాత్రాన దాని పెద్దలు చెప్పేదంతా ఆ సమూహంలోని అతి పేదల మాట కాదని మనకు మన ఊళ్లలో కూడా తెలుసు.

దారి లేకపోతే శిక్ష ఎవరికి?

అలాగని సైకిల్ దారులు వద్దనడం పరిష్కారమా? చికాగో అనుభవం కాదంటుంది. అక్కడ సైకిల్ నడిపేవారికి పోలీసులు వేసే జరిమానాలు నల్లజాతి వాడల్లోనే ఎక్కువని 2017లో చికాగో ట్రిబ్యూన్ పత్రిక బయటపెట్టింది. ఆ తర్వాత హెసూస్ బరహాస్ అనే పరిశోధకుడు లెక్కలు తీస్తే, జనాభా నిష్పత్తిలో తెల్లవారి వాడల కన్నా నల్లజాతి వాడల్లో ఎనిమిది రెట్లు ఎక్కువ జరిమానాలు పడ్డాయని తేలింది. వాటిలో ఎక్కువ భాగం ఫుట్‌పాత్ మీద సైకిల్ తొక్కినందుకు వేసినవే. ఫుట్‌పాత్ ఎందుకు ఎక్కుతారు? వేగంగా కార్లు పోయే వెడల్పాటి రోడ్డు మీద సైకిల్ దారి లేదు కాబట్టి. ముందు దారి వేయరు. తర్వాత దారి తప్పావని జరిమానా వేస్తారు. సైకిల్ దారి ఉన్న వీధుల్లో ఈ జరిమానాలు తక్కువ.

ఈ అనుభవాల నుంచి 2016 తర్వాత అమెరికాలో నల్లజాతి, లాటినో కార్యకర్తలు ప్రయాణ న్యాయం అనే భావనను ముందుకు తెచ్చారు. రోడ్డు మీద భద్రత అంటే కారు గుద్దకుండా ఉండటమే కాదు. పోలీసు ఆపకుండా, ఇంటి అద్దె పెరిగి వాడ ఖాళీ చేయాల్సి రాకుండా ఉండటం కూడా అని వాళ్ల మాట.

మన దగ్గర సైకిల్ ఎవరిది?

అమెరికా చర్చను ఇక్కడికి తెచ్చేటప్పుడు ఒక తేడా గమనించాలి. అక్కడి చర్చల్లో సైకిల్ దారి అనగానే చదువుకున్న తెల్ల యువకుడు గుర్తొస్తాడు. మన దగ్గర సైకిల్ బతుకుదెరువు బండి. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు మినహా మిగతా పనులకు వెళ్లేవారు ఎలా ప్రయాణిస్తారో నమోదు చేశారు. నడిచి వెళ్లేవారు 22.6 శాతం. సైకిల్ మీద 13.1 శాతం. కారు, జీపు, వ్యాన్‌లలో 2.7 శాతం. అంటే కారులో వెళ్లే ఒక్కరికి సైకిల్ మీద వెళ్లేవారు దాదాపు ఐదుగురు, నడిచేవారు ఎనిమిది మంది. భవన నిర్మాణ కూలీ, వాచ్‌మన్, పాలు, పేపర్ వేసే కుర్రాడు, తెల్లవారకముందే చీపురు పట్టే పారిశుధ్య కార్మికురాలిని డ్యూటీ దగ్గర దించే భర్త, వీళ్లే మన సైక్లిస్టులు. వీళ్లలో దళిత బహుజనులు ఎంత ఎక్కువగా ఉంటారో చెప్పనక్కర్లేదు. కానీ ఈ ప్రయాణికుల కులం ఏమిటో నగరాల రవాణా ప్రణాళికలు లెక్క తీయవు. లెక్కలో లేనివాళ్లు ప్రణాళికలోనూ ఉండరు.

ఢిల్లీలో ఏం జరిగిందో చూడండి. 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బీఆర్‌టీ కారిడార్ తెరిచారు. నడుమ బస్సులకు, అంచున సైకిళ్లకు, నడిచేవారికి వేరు దారులు. కార్లకు మిగిలిన వరసలు తగ్గాయి. గగ్గోలు మొదలైంది. పత్రికలు, టీవీలు కార్ల జామ్‌లనే చూపించాయి. ఢిల్లీ హైకోర్టులో దావా పడింది. కార్లలో వెళ్లేవారు సంపద సృష్టించేవారని, వాళ్ల సమయం వృథా అవుతోందన్న వాదన కూడా అక్కడ వినిపించింది. 2012లో కోర్టు ఆ దావాను కొట్టేసింది. అయినా తర్వాత వచ్చిన ప్రభుత్వం 2016 నాటికి కారిడార్‌ను తొలగించింది. ఆ బస్సుల్లో, ఆ సైకిళ్ల మీద వెళ్లినవారు ఎక్కువమందే, కానీ ప్రజలు అన్న మాటలో వాళ్లు లేరు.

కోల్‌కతా ఇంకా ముందుకు పోయింది. 2013లో అక్కడి పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లు, తోపుడు బండ్ల వంటి మోటారు లేని వాహనాలను నిషేధించారు. నిరసనల తర్వాత ఆ సంఖ్య 62కి తగ్గింది. పాలవాళ్ల, కూరగాయలవాళ్ల సైకిళ్లను ట్రాఫిక్‌కు అడ్డమన్నారు. అదే రోడ్డు పక్కన ఆగి ఉన్న కార్లు ఆ మాట పడలేదు.

హైదరాబాద్‌లో 2023 అక్టోబర్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, నీడ, లైట్లు, అన్నీ ఉన్నాయి. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు వెళ్లే ఆ ట్రాక్‌కు చాలామంది కారు వెనక సైకిల్ కట్టుకుని వెళ్లాలి. వ్యాయామం తప్పు కాదు. కానీ పాతబస్తీలో, కూకట్‌పల్లి అడ్డా దగ్గర, బాలానగర్ ఫ్యాక్టరీల దారిలో సైకిల్ తొక్కే కార్మికుడికి ఒక్క గజం కూడా కేటాయించకుండా కట్టిన ట్రాక్ అది. ఎందుకంటే అక్కడ ఎవరి పార్కింగూ తీయాల్సిన పని లేదు, ఎవరితోనూ తగాదా లేదు. లోపలి నగరంలో వేయాలంటే కార్ల జాగా ముట్టుకోవాలి. అక్కడే అసలు పరీక్ష.

మన వీధికి ప్రాజెక్టు వస్తే ఏం అడగాలి?

స్మార్ట్ సిటీ పేరుతోనో, రోడ్డు వెడల్పు పేరుతోనో, వీధి సుందరీకరణ పేరుతోనో ఇటువంటి ప్రతిపాదన రేపు వరంగల్‌కో విజయవాడకో రావచ్చు. విద్యార్థులు, కార్యకర్తలు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఎవరిని లెక్కపెట్టారు? ట్రాఫిక్ సర్వే ఏ గంటల్లో చేశారో సమాచార హక్కు కింద అడగవచ్చు. ఉదయం తొమ్మిది గంటలకు లెక్కపెడితే కార్లు కనిపిస్తాయి. నాలుగున్నరకు లెక్కపెడితే చీపుర్లు, పాల క్యాన్లు, సైకిళ్లు కనిపిస్తాయి.

రెండోది, జాగా ఎవరి దగ్గర తీసుకుంటున్నారు? మన నగరాల్లో ఇదే కీలకం. సైకిల్ దారి కోసం కార్ల పార్కింగ్ తీస్తే అది పంపకం. కార్లను అలాగే ఉంచి, ఫుట్‌పాత్ మీద చిరువ్యాపారులను లేపేసి గీత గీస్తే అది వెళ్లగొట్టడం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. ఆ కమిటీ ఉందా, ఈ ప్రణాళికను దాని ముందు పెట్టారా అని అడగాలి.

మూడోది, పార్కింగ్ ఖరీదు ఎంత, ఆ డబ్బు ఎటు పోతుంది? ప్రభుత్వ నేల మీద సొంత ఆస్తి నిలిపినందుకు అద్దె కట్టమనడంలో అన్యాయం లేదు. ఆటో డ్రైవర్‌కు, సరుకు దించే ట్రాలీకి, వికలాంగులకు మినహాయింపు ఇచ్చి, మిగతా పార్కింగ్ రుసుమును అదే వాడలో ఫుట్‌పాత్‌లకు, మురుగు కాల్వలకు, మహిళా కార్మికుల మరుగుదొడ్లకు ఖర్చు చేయమని డిమాండ్ చేయవచ్చు.

నాలుగోది, రోడ్డు పనిచోటుగా ఉన్నవాళ్లను అడిగారా? పారిశుధ్య కార్మికురాలికి వీధి ప్రయాణించే దారి కాదు, ఎనిమిది గంటల పనిచోటు. ఆగి ఉన్న కార్ల కింద, నడుమ పేరుకున్న చెత్తను వంగి లాగేది ఆమే. తెల్లవారుజామున వేగంగా వచ్చే వాహనాలకు ఎదురుగా నిలబడేదీ ఆమే. సైకిల్ దారికి అడ్డంగా దిమ్మెలు పెడితే చెత్త రిక్షా ఎటు పోవాలో ఇంజినీర్‌కు తెలియదు, ఆమెకు తెలుసు.

ఐదోది, వేసిన తర్వాత ఏమవుతుంది? బాగుపడిన వీధిలో అద్దెలు పెరుగుతాయి. పక్క బస్తీకి పట్టాలు లేకపోతే, వీధి బాగుపడటమే బస్తీ ఖాళీ కావడానికి మొదటి నోటీసు కావచ్చు. అందుకే సైకిల్ దారి డిమాండ్‌ను ఇంటి పట్టా డిమాండ్ నుంచి విడదీయకూడదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నడిచేవారు దాదాపు ఐదో వంతు, సైకిల్ మీద ఉన్నవారు మూడు శాతం దాకా. ఈ చావులను మనం కులం లెక్కన చూడటం ఇంకా మొదలుపెట్టలేదు. సైకిల్ దారి కావాలని అడిగే హక్కు మొదట ఉన్నది ఖరీదైన గేర్ల సైకిళ్ల క్లబ్బులకు కాదు, ఈ మనుషులకు. ఇన్నాళ్లూ ఆ డిమాండ్‌ను వాళ్ల తరఫున వేరేవాళ్లు చేశారు కాబట్టే దారులు వాళ్లు తిరగని చోట పడ్డాయి. ఆ డిమాండ్‌ను మున్సిపల్ కార్మిక సంఘాలు, అడ్డా కూలీల సంఘాలు, వీధి వ్యాపారుల సంఘాలు, వాళ్ల పిల్లలైన విద్యార్థులు కలిసి చేస్తే, దారి ఏ వీధిలో పడాలో, ఎవరి కారు పక్కకు జరగాలో కూడా వాళ్లే చెబుతారు.